ట్రాక్ మీద పరువు కాపాడుకునే పద్ధతులు

ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. రేస్ ట్రాక్‌కి వెళ్లేది కారు నడపడం నేర్చుకోవడానికని ఎవరో పుకారు పుట్టించారు. కారు నడపడం మీకు ఎప్పుడో వచ్చేసింది. ఆర్టీవో ఆఫీసు వెనక మైదానంలో రివర్స్‌లో వంకరటింకరగా వెళ్లినా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు తల ఊపిన రోజే ఆ చదువు పూర్తయింది. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటప్పుడు సిటీ బస్సుకీ ఆటోకీ మధ్య జానెడు సందులోంచి అద్దాలు ముడుచుకుని దూరిపోయిన మనిషికి మద్రాసు వెళ్లి కొత్తగా నేర్చుకునేదేముంటుంది? ట్రాక్‌కి వెళ్లేది పరువు కోసం. తిరిగొచ్చాక చేతిలో నాలుగు ఫొటోలు, ఒక వీడియో, పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీవాడికి చెప్పుకోవడానికి ఒక కథ ఉండాలి. ఈ దారిలో తిరుగుతున్నవాణ్ని కాబట్టి పద్ధతులు చెబుతాను. ఫీజేమీ అక్కర్లేదు.

కారు ఎంపిక దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. చిన్న కారుతో మొదలుపెడదామంటారు. ఈ జబ్బు మనకు కోయంబత్తూరు నుంచి అంటుకుంది. అక్కడ కరివర్ధన్ అనే పెద్దమనిషి మారుతి 800లో ఉండే 796 సీసీ ఇంజన్ తీసుకుని, ఒంటిసీటు రేసు కారు తయారుచేయించాడు. దాని పేరు ఫార్ములా మారుతి. పాల ప్యాకెట్లకు వెళ్లొచ్చే కారు ఇంజన్ అది. అందులో కుర్రాళ్లను కూర్చోబెట్టి రేసులు పెట్టారు. అందరికీ ఒకే ఇంజన్, పైగా బలం అంతంతమాత్రం. కాబట్టి ముందున్నవాడు నడపడం వల్లే ముందున్నాడని గ్యాలరీలో కూర్చున్న పిల్లవాడికి కూడా తెలిసిపోయేది. ఎంత అవమానకరమైన ఏర్పాటో చూడండి! డబ్బున్నవాడు దాక్కోవడానికి చోటే లేదు. నరేన్ కార్తికేయన్ రేసులు మొదలుపెట్టింది ఆ బండిలోనే. ఏమైంది? 2005లో జోర్డాన్ జట్టులో చేరి, ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడై, సూట్‌కేసు పట్టుకుని దేశదేశాలూ తిరగాల్సి వచ్చింది. మీకంత తీరిక ఉందా? ఆ పెద్దాయన పేరు మీదే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2.1 కిలోమీటర్లు. అక్కడ ఇప్పటికీ అదే వరస. మారుతి ఇంజన్లతోనే ఫార్ములా ఎల్‌జీబీ బళ్లు ఒకదాని తోకను ఇంకోటి ముట్టుకుంటూ తిరుగుతుంటాయి. అటు చూడకండి.

మీరు మాత్రం మీ కాలికి లొంగని బలమున్న కారే కొనండి. రెండు వందల హార్స్‌పవర్‌కి తక్కువైతే షోరూమ్ మెట్లెక్కకండి. దీనివల్ల పెద్ద సౌకర్యం ఒకటుంది. మలుపులో మీరు చేసిన తప్పును తర్వాత వచ్చే తిన్నటి దారిలో ఇంజన్ కప్పెట్టేస్తుంది. ఏళ్ల తరబడి అదే తప్పు చేస్తూ ఉండొచ్చు, బయటివాళ్ల సంగతి సరే, మీకు కూడా తెలియదు. పాత మారుతి ఎస్టీమ్‌లో ఈ సదుపాయం లేదు. 1300 సీసీ, మహా అయితే 85 హార్స్‌పవర్. మలుపులో ఒకసారి వేగం పోగొట్టుకుంటే అది మళ్లీ పుంజుకునేలోగా పక్కవాడు పిట్‌కి వెళ్లి టీ తాగి వస్తాడు. అందుకే ఆ కారు నడిపినవాళ్లు వేగం పోకుండా తిప్పడం నేర్చుకున్నారు, పాపం, గత్యంతరం లేక.

విదేశాల్లోనూ ఈ చిన్న కారు పిచ్చి ఉంది. 1964లో మినీ కూపర్ ఎస్ తనకన్నా ఎంతో పెద్ద కార్లను దాటి మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. 1965లో మళ్లీ, 1967లో మళ్లీ. మధ్యలో 1966లోనూ మొదటి మూడు స్థానాలూ మినీలవే గానీ, హెడ్‌లైట్లు నిబంధనల ప్రకారం లేవని పోటీలోంచి తీసేశారు. ఇంత చరిత్రలో మనకు పనికొచ్చేది ఆ చివరి ముక్క ఒక్కటే: లైట్లు ముఖ్యం. కాబట్టి ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మేంత తెల్లటి ఎల్‌ఈడీలు ఈ వారమే వేయించండి.

అన్నట్టు, కారు కదల్చకుండానే పరువు సంపాదించే రాజమార్గం ఒకటుంది. మన హైదరాబాద్‌లోనే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, పసుపు రంగుది, వెనక సింహాసనం లాంటి సీటుతో చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. కారు చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత వేడుకలకు, ఊరేగింపులకు తప్ప బయటికి తీయకపోవడంతో అది నూరేళ్లు దాటినా తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఇన్నేళ్లలో ఒక్క మలుపులోనూ అదుపు తప్పలేదు. మీ గ్యారేజీలో ఉన్న పాత కాంటెస్సాకో, పద్మినికో ఇదే సూత్రం పెట్టుకోండి. దుప్పటి కప్పి, బ్యాటరీ తీసేసి, నెలకోసారి ఫొటో తీయించండి. రబ్బరు గొట్టాలు బీటలిస్తాయి, పెట్రోలు ట్యాంకు తుప్పు పడుతుంది. ఫొటోలో అవేవీ పడవు.

ఇక శబ్దం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మీ కాలనీలో పదిమందిని ఆపి ఎవరు గెలిచారో అడగండి, ఒక్కడు చెబితే గొప్ప. ఎందుకు? ఎలక్ట్రిక్ కార్లు కదా, చెవికి ఒక సన్నటి కూత తప్ప ఏమీ ఆనలేదు. ప్రభుత్వం మారాక ఒప్పందం దగ్గర తేడా వచ్చి 2024 రేసు రద్దయిందని పత్రికలు రాశాయి. నా లెక్కలో మాత్రం శబ్దం లేకపోవడమే కారణం. కాబట్టి మీ సైలెన్సర్ పీకించి, ఖాళీ గొట్టం వేయించండి. వేగం పెరగకపోవచ్చు, ఒక్కోసారి తగ్గొచ్చు కూడా. కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే ఐదో అంతస్తులో పసిపిల్ల లేస్తుంది. వెర్న్‌కి ఆ యోగం లేదు.

అదే రేసులో ఇంకో రహస్యం దొరుకుతుంది. ఆ కార్లకు వెనక చక్రాల దగ్గర మామూలు డిస్కు బ్రేకులే లేవు. వెనక మోటారే చక్రాల తిరుగుడును కరెంటుగా మార్చుకుంటూ బండిని ఆపుతుంది. మోటారు, కరెంటు అనే వివరాలు మీకెందుకు? గంటకు 300 కిలోమీటర్లు దాటగల కారుకే వెనక బ్రేకులు లేవు. మీ మెకానిక్ బ్రేకులు మార్చాలంటే ఏమనాలో తెలిసిందిగా!

నిజానికి బ్రేకుల మీద డబ్బు పెట్టేవాడంత అమాయకుడు ఇంకొకడుండడు. మంచి ప్యాడ్లు వేయించినా, బ్రేక్ ఆయిల్ మార్చినా ఎవడికి కనపడుతుంది? అదే డబ్బులో కొంత పెడితే ఎర్రటి క్యాలిపర్ కవర్లు వస్తాయి. ప్లాస్టిక్‌వి. పైనుంచి తగిలిస్తే రోడ్డవతల నుంచి కూడా మెరుస్తాయి. లోపలి వేడి బయటికి పోకుండా కూడా చక్కగా కాపాడతాయి.

మెకానిక్ ఊరుకోడు. “సార్, బ్రేక్ ఆయిల్ నల్లబడింది, ట్రాక్‌కి పోతున్నానంటున్నారు కదా, మార్చేద్దాం” అంటాడు. వాళ్లకు అదొక అలవాటు. బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమ పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 దగ్గరికి జారిపోవచ్చు. ఇదంతా సీసా మీద సన్నటి అక్షరాల్లో ఉంటుంది, మీరు చదవక్కర్లేదు. అలాగే, వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపడానికి బ్రేకులు పడే శ్రమకు, నూట నలభైలో ఉన్న కారును ఆపడానికి పడే శ్రమ దాదాపు రెట్టింపు. వేగం నలభై శాతమే పెరిగినా సరే. ఇది తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ఉంది. ఆ ఏడు మీకు మామిడిపళ్ల మీద, క్రికెట్ మీద ధ్యాస ఉండి ఉంటుంది. ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు?

ఏం జరుగుతుందో మాత్రం చెబుతాను, కంగారు పడకుండా ఉంటారని. మద్రాసు ట్రాక్ శ్రీపెరంబుదూరు దారిలో ఇరుంగట్టుకోట్టైలో ఉంది, కార్ల ఫ్యాక్టరీ పక్కనే, 3.7 కిలోమీటర్లు. మొదటి ల్యాప్‌లో పెడల్ పైపైనే పట్టుకుంటుంది, మీకు గర్వంగా ఉంటుంది. రెండో ల్యాప్‌లో కొంచెం లోతుకు దిగాక పట్టుకుంటుంది. ఏసీ రంధ్రాల్లోంచి మాడిన వాసన, కొంచెం పుల్లగా, ముక్కు వెనక అంటుకుని వదలదు. అది ముందు కారుదనుకోండి. మూడో ల్యాప్‌లో తిన్నటి దారి చివర, అదే చోట, అదే ధీమాతో కాలు పెడతారు. నానిన ఇడ్లీ మీద అడుగేసినట్టుంటుంది. ఆయిల్ మరిగి ఆవిరైంది. ఆవిరి మీ కాలికి లొంగుతుంది గానీ ఆ ఒత్తిడిని చక్రం దాకా మోసుకెళ్లదు. పెడల్ నేలకు తగులుతుంది, మలుపు దగ్గరికొస్తూ ఉంటుంది. తెలిసినవాళ్లు పెడల్‌ను గబగబా కొట్టి, గేర్లు ఒక్కొక్కటీ దించి, ఉన్నంత బ్రేకు ఏరుకుని బయటపడతారు. రెండో ల్యాప్‌లో వాసన తగలగానే నెమ్మదించి పిట్‌కి వచ్చేసేవాళ్లు కూడా ఉంటారు, పిరికివాళ్లు. వాళ్ల బంపర్లకు మట్టి అంటి ఉండదు, చూడగానే గుర్తుపట్టొచ్చు.

సెషన్ అయ్యాక ఒక ల్యాప్ నెమ్మదిగా, బ్రేకు ముట్టకుండా తిరిగి, వేడి చల్లారనిచ్చి లోపలికి రమ్మంటారు. ఆ ల్యాప్‌కి కూడా డబ్బు కట్టింది మీరే కదా, వదలకండి. నేరుగా పిట్‌లోకి దూసుకొచ్చి, ఆగీ ఆగగానే హ్యాండ్ బ్రేకు బలంగా లాగండి. వెనక బ్రేకులు సలసల కాగుతూ ఉంటాయి, ప్యాడ్లు డిస్కును అదే చోట వాటేసుకుని చల్లారతాయి. తర్వాత ఇంటికెళ్లే దారిలో పెడల్ నొక్కినప్పుడల్లా అరికాలికి సన్నటి అదురు తెలుస్తుంటుంది. మిగతావాళ్లు గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి ఊరుకుంటారు. రాయి ఫొటోలో బాగోదు.

టైర్ల విషయంలో నా సలహా దేవుడి మీద భారం వేయడం. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. చూడకండి. గాడులు లోతుగా ఉన్నాయా లేదా, అంతే. రబ్బరు గట్టిపడి రాయైపోతేనేం, రాయి అరగదు కదా. గాలి నలభై పెట్టించండి. నాలుగు ల్యాపులు తిరిగేసరికి లోపలి గాలి వేడెక్కి తనంతట తను ఇంకా పెరుగుతుంది, టైరు ఉబ్బి, మధ్య పట్టీ మాత్రమే రోడ్డును తాకుతుంది. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య గేజి పట్టుకుని వంగి కూర్చుని గాలి తీస్తున్న వాళ్లు కనపడతారు. పంక్చర్ షాపువాళ్లనుకుని మీ టైరు కూడా చూడమనండి.

టైర్లు ముఖ్యం కాదా అంటే, ముఖ్యమే, అవతలివాడివి. 2005లో ఇండియానాపొలిస్‌లో అమెరికన్ గ్రాండ్ ప్రి జరిగింది. వాలుగా కట్టిన మలుపులో మిషెలిన్ టైర్లు తట్టుకోవని తేలడంతో, ఆ టైర్లున్న పద్నాలుగు కార్లు ఫార్మేషన్ ల్యాప్ తిరిగి పిట్‌లోకి వెళ్లిపోయాయి. మిగిలిన ఆరు కార్లతోనే రేసు నడిచింది. మన కార్తికేయన్ నాలుగోవాడిగా వచ్చి పాయింట్లు తెచ్చుకున్నాడు. ఇందులో తేలిందేమిటి? టైర్లకు ఖర్చు పెట్టే బదులు, మిగతా అందరి టైర్లూ పాడవ్వాలని తిరపతి వెంకన్నకు మొక్కుకోవడం చవక.

ప్రాక్టీసుకు ట్రాక్ దాకా ఎందుకు? మద్రాసు ట్రాక్ 3.7 కిలోమీటర్లు, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ 5.1. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. ఏది పెద్ద? పైగా ట్రాక్ మీద అందరూ ముందే పేర్లిచ్చి, హెల్మెట్లు పెట్టుకుని, తెలిసి తెలిసి వచ్చినవాళ్లు. అందులో మజా ఏముంది? ఔటర్ మీద ఎడమ పక్కన వెనక లైటు వెలగని లారీ ఆగి ఉంటుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మనవణ్ని దింపి ఎనభై కిలోమీటర్ల వేగంలో తిరిగొస్తున్న ముసలి దంపతులుంటారు. వాళ్లకు తాము రేసులో ఉన్నామని కూడా తెలియదు. మోటారు వాహనాల చట్టంలో 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసు పెడితే మూడు నెలల దాకా జైలో, ఐదు వేల దాకా జరిమానానో, రెండూనో. ఐదు వేలంటే మీ ఖాళీ గొట్టం ఖరీదులో ఎన్నో వంతు! ట్రాక్ మీద ప్రమాదాలు ఉండవా అంటే ఉంటాయి. 2011లో బుద్ధ్‌లో మొదటిసారి ఫార్ములా వన్ కార్లు తిరుగుతుంటే మొదటి ప్రాక్టీసులోనే ఒక కుక్క లోపలికొచ్చింది. ఏమైంది? ఎర్రజెండా ఊపారు, కార్లన్నీ నెమ్మదించాయి, కుక్కను తరిమారు. ఔటర్ మీద ఎర్రజెండా పట్టుకునేవాడెవడూ ఉండడు, ప్రాక్టీసు మధ్యలో ఆగదు. ఆ ముసలి దంపతుల ఇంటికి తర్వాత ఎవరు వెళ్లి కబురు చెప్పాలన్నది మీ ప్రాక్టీసులోకి రాదు.

ఇక అసలు రోజు. హైదరాబాద్ నుంచి ముందు రోజు రాత్రి బయలుదేరి, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా నిద్రపోకుండా నడుపుకుంటూ తెల్లారేసరికి దిగండి. దారిలో బిర్యానీ బలంగా తినండి. బావమరిదిని వెంట తీసుకెళ్లడం మరవకండి, వీడియోకి. డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి గంటసేపు ఏదో చెబుతారు, ఆ గంట స్టిక్కర్లు సరిచేసుకోవడానికి వాడండి. చెప్పేది జెండాల గురించే. పసుపు ఊపితే ముందు ఏదో జరిగింది, దాటొద్దని. ఎరుపంటే సెషన్ ఆపేశారు, మెల్లగా పిట్‌కి రమ్మని. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు మీద ఆయిలో నీళ్లో ఉన్నాయని. నీలం గురించి కింద విడిగా చెబుతాను, అది పరువుకు సంబంధించింది. ఎండలో నిలబడి జెండాలు ఊపే మార్షల్స్‌లో చాలామంది సరదా కొద్దీ వచ్చినవాళ్లు. మీరు తిరిగి చెయ్యూపండి, మర్యాదగా ఉంటుంది.

డిక్కీలో స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసాలు, కాలికింది మ్యాట్లు అన్నీ తీసేయమంటారు. ఉండనివ్వండి. మలుపులో సీసా దొర్లుకుంటూ వచ్చి బ్రేక్ పెడల్ కింద దూరితే, ఎలాగూ పెడల్ పనిచేయదుగా.

సీటు బాగా వెనక్కి వాల్చండి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద ఆనాలి అంటారు. అలా కూర్చుంటే లైసెన్సు పరీక్షకొచ్చిన పిల్లవాడనుకుంటారు. బెల్టు కూడా బిగించకండి. వెనకటికి లె మాన్స్ 24 గంటల రేసులో డ్రైవర్లు రోడ్డుకడ్డంగా పరుగెత్తి, కార్లలోకి దూకి, బెల్టు సంగతి తర్వాత చూసుకుందామని బయలుదేరేవాళ్లు. ఎంత అందంగా ఉండేదో! 1969లో జాకీ ఇక్స్ అనే బెల్జియం కుర్రాడు ఆ పద్ధతి నచ్చక, నిదానంగా నడిచి వెళ్లి, బెల్టు బిగించుకుని, అందరికన్నా ఆఖరున కదిలాడు. ఆ మొదటి ల్యాప్‌లోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవర్ కారు పల్టీ కొట్టి చనిపోయాడు. బెల్టు పెట్టుకోలేదు. ఇరవై నాలుగు గంటల తర్వాత గెలిచింది ఇక్స్ బండి, నూరు మీటర్ల చిల్లర తేడాతో. ఇలాంటివాటిని మినహాయింపులుగా కొట్టిపారేయాలి, లేకపోతే మన సలహాలు నిలవవు.

కొన్ని ట్రాక్ డేలలో పక్క సీట్లో శిక్షకుణ్ని కూర్చోబెడతారు. బక్కగా, అరవయ్యో పడిలో, చొక్కా జేబులో కళ్లజోడుతో ఉంటాడు. రేసులు తెగ గెలిచి ఉంటాడు గానీ చెప్పుకోడు. అదే ఆయనలో లోపం.

“సార్, బ్రేకు తిన్నగా ఉన్నప్పుడే వేసేయండి. తర్వాత తిప్పండి. ఇంకా తిప్పొద్దు… ఇంకా… ఇప్పుడు.”

“ఇప్పుడా? ఆలస్యమైపోయింది కదండీ!”

“ఆలస్యమే కావాలి సార్. తొందరగా లోపలికి పోతే బయటికొచ్చేటప్పుడు రోడ్డు చాలదు.”

ఈ మాటలు వినకండి. మలుపు కనపడగానే తిప్పేయండి. లోపలి అంచు తొందరగానే దొరుకుతుంది. తర్వాత కారు బయటి అంచు వైపు తనంతట తనే వెడల్పుగా పోతుంది, అక్కడ ఎరుపు తెలుపు కెర్బ్, దాని తర్వాత గడ్డి, దాని తర్వాత మట్టి. భయమేసి గ్యాస్ మీంచి కాలు ఠక్కున తీస్తారు. బరువంతా ముందుకు వచ్చి, వెనక చక్రాలు తేలికై, కారు తోక ముందుకొస్తుంది. లోకం అద్దంలో గుండ్రంగా తిరుగుతుంది, దుమ్ము లేస్తుంది. శిక్షకుడు చేతులు ఒళ్లోనే పెట్టుకుని, “క్లచ్, బ్రేకు రెండూ తొక్కేయండి సార్” అంటాడు, కాఫీలో పంచదార ఎంత అన్నంత నెమ్మదిగా. దుమ్ము అణిగాక మీరనవలసింది: “కావాలనే చేశాను.”

ఇప్పుడు నీలం జెండా. ఇది ఈ మొత్తం సలహాల్లో కీలకం. అద్దంలో ఒక పాత ఎస్టీమ్ కనపడుతుంది. తెల్లరంగు వెలిసి, బానెట్ నల్లగా, లోపల వెనక సీట్లు కూడా లేకుండా. తిన్నటి దారిలో చుక్కంత అయిపోతుంది. మలుపు రాగానే మీ డిక్కీలోకి ఎక్కేంత దగ్గర. మళ్లీ తిన్నటి దారి, మళ్లీ చుక్క. మళ్లీ మలుపు, మళ్లీ డిక్కీ. మార్షల్ నీలం జెండా ఊపుతుంటాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పక్కకు చూపించి, గ్యాస్ తగ్గించి, దాన్ని పోనివ్వాలని నియమం. ట్రాక్ డేలో దాటనివ్వడం తప్పు కాదు, పోటీయే కాదు అంటారు. మీ కారు రెండు వందల పైచిలుకు హార్స్‌పవర్. వాడి కారు మీ స్టిక్కర్లంత ఖరీదు చేయదు. చెయ్యి బయటపెడతారా? మీ పక్కన తాతగారు గొంతు సవరించుకుంటాడు. “పోనివ్వండి సార్. పోనిచ్చి, వెనకే వెళ్లి, ఆయన బ్రేకు లైటు ఎక్కడ వెలుగుతుందో చూడండి. ఫ్రీగా పాఠం.”

బొత్తిగా చూడకండి. చూశారంటే మీ పని అయిపోయినట్టే. ఆ లైటు మీరు అనుకున్నదానికన్నా ముందే వెలుగుతుంది, మీరు అనుకున్నదానికన్నా త్వరగా ఆరిపోతుంది. కారు ఎక్కడా గింజుకోదు, టైరు అరవదు, స్టీరింగ్ ఒకసారి తిరిగి అక్కడే ఉంటుంది. రెండు మలుపులు అలా వెనక వెళితే మీ చేతులు కూడా ఆ లయకు వచ్చేస్తాయి. ఆ తర్వాత ఖాళీ గొట్టం, క్యాలిపర్ కవర్ల మీద పెట్టిన డబ్బు గుర్తొచ్చి మనసు పాడవుతుంది. కాబట్టి దారివ్వకండి. మలుపుల్లో అడ్డంగా నిలబడి, తిన్నటి దారిలో ఎగిరిపోండి. చివరికి నల్లజెండా ఊపి మిమ్మల్నే పిట్‌కి పిలుస్తారు. ప్రత్యేకంగా పిలిచారని ఇంటి దగ్గర చెప్పుకోవచ్చు.

పిట్‌లో బావమరిది ఫోను పట్టుకుని ఎదురొస్తాడు. “బావా, ఆ తెల్ల ఎస్టీమ్‌వాడు నీ దెబ్బకు వెనకే ఉండిపోయాడు!” మంచి పిల్లవాడు. ఆ క్లిప్పు దాచుకోండి. ఎవరైనా ల్యాప్ టైము అడిగితే టైర్లు వేడెక్కలేదని, మధ్యాహ్నం అడిగితే టైర్లు మరీ వేడెక్కాయని చెప్పండి. పెట్రోలు అడుగుకొచ్చి మలుపుల్లో ఇంజన్ దగ్గితే దాని కంప్యూటర్ మీద తోసేయండి.

సెషన్ల మధ్య డోనట్లు కొట్టాలనిపిస్తుంది. 2013లో వెటెల్ బుద్ధ్‌లో గెలిచి, నాలుగోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యి, అభిమానుల ఎదుట కారును గిరగిరా తిప్పి పొగ పెట్టాడు. జట్టుకు 25 వేల యూరోల జరిమానా వేశారు. మూడేళ్లు రేసు జరిగితే మూడూ గెలిచిన మనిషికి అంత పడితే, ఏమీ గెలవని మీకు ఏమీ పడకూడదు, న్యాయంగా చూస్తే. పార్కింగ్‌లో కానివ్వండి.

సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ కుమార్‌ను ఆదర్శంగా తీసుకోకండి. యాభై దాటాక సొంత రేసు జట్టు పెట్టి, 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు వెళ్లాడు. ముందు ప్రాక్టీసులో కారు గోడకు గుద్దుకుంది. జట్టు బాగు కోసం ఆ కారు నడపడం మిగతావాళ్లకు వదిలేశాడు. వాళ్లు తమ తరగతిలో మూడో స్థానం తెచ్చారు. స్టీరింగ్ వదిలేసే హీరో ఉంటాడా?

తిరిగొచ్చాక ఇన్సూరెన్స్ కాగితం తీయొద్దు. రేసింగ్‌కీ, వేగ పరీక్షలకీ వాడితే వర్తించదని అందులో ఒక లైనుంది. సర్వేయర్‌కి గేదె అడ్డొచ్చిందని చెబుదామనుకుంటారు. బంపర్ అంచున ఎర్రరంగు, పక్కనే తెల్లరంగు చారలుగా అంటుకుని ఉంటుంది. ఆయన గోటితో గీరి చూసి, “ఈ గేదెకు పెయింటు వేసింది ఎవరండీ?” అంటాడు. మీ జేబులోంచి కట్టేయండి.

ఇక మిగిలింది అమ్మకం. కారును బాగా కడిగించి, డ్యాష్‌బోర్డుకు పాలిష్ పెట్టించి, పసుపు కుంకుమ బొట్టు కొత్తగా పెట్టించి, నిమ్మకాయ కట్టి ఫొటో తీయండి. కింద ఇలా రాయండి: సింగిల్ ఓనర్. డాక్టర్ గారు వాడిన బండి. ఆదివారాలు గుడికి మాత్రమే. బ్రేకులు కంపెనీవి, ఇంతవరకు ముట్టుకోలేదు.